పేరు రాసిన చీటీ
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావుగారి స్మృతిలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచించాను. ఆయన మందులు కనిపెట్టినవారు. నేను జీవితమంతా కొండలూ వాగులూ తిరిగి మొక్కలు ఏరి, ఆరబెట్టి, కాగితాలకు అతికించి, వాటికి చీటీలు రాసి బీరువాల్లో సర్దినవాణ్ణి. ఆయన పనికీ నా పనికీ మధ్య దూరమెంత అని కొలుచుకుంటూ కూర్చుంటే, అది ఒక ఆకంత దూరమని తేలింది. ఆ ఆకుతోనే మొదలుపెడతాను.

ఆకు పేరున్న మందు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. వయసులో ఉన్న ఇద్దరు సోదరులను స్ప్రూ వ్యాధి కొద్దిరోజుల తేడాతో తీసుకుపోయింది. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం క్షీణిస్తుంది, మనిషి కళ్ళముందే కరిగిపోతాడు. ఆ జబ్బు ఆయన మనసులో నాటుకుపోయింది. మద్రాసులో వైద్యం చదివారు, అక్కడి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు, ఆ తరువాత అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి 1940లో లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. అక్కడ ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు అది మందైంది.

ఆ ఆమ్లం పేరులోనే ఆకు ఉంది. 1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి దాన్ని రాబట్టారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కనుక ఫోలిక్ ఆమ్లం అన్నారు. సుబ్బారావుగారి బృందమే ఆ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే పదార్థాలనూ తయారుచేసింది. వాటిలో అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. తాత్కాలికంగానే అయినా జబ్బు వెనక్కు తగ్గింది. అంతకుముందు ఆ పిల్లల తల్లిదండ్రులకు వైద్యులు చెప్పగలిగిన మాటే లేదు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ను ఈరోజుకీ వాడుతున్నారు.

ఇప్పుడు మన పెరట్లోని బిళ్ళగన్నేరు దగ్గరకు రండి. అది పుట్టింది మడగాస్కర్‌లో. అందం కోసం తోటతోటకూ చేతులు మారుతూ లోకమంతా పాకింది. జమైకాలో దాని ఆకు కషాయం మధుమేహానికి తాగేవారు. ఆ మాట నిజమేనా అని చూడటానికి కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ ఆకులు తెప్పించుకుని పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గానీ, ప్రయోగానికి పెట్టుకున్న జంతువుల రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. అక్కడి నుంచి 1958లో విన్‌బ్లాస్టిన్ వచ్చింది. అదే మొక్కలోంచి ఆ తరువాత విన్‌క్రిస్టిన్ వచ్చింది. రక్తక్యాన్సర్‌తో ఆసుపత్రిలో చేరిన పిల్లవాడికి ఈనాడు ఇచ్చే మందుల్లో విన్‌క్రిస్టిన్ ఒకటి, మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరం మనిషి బుర్ర, మన పెరటి పువ్వు ఒకే సెలైన్ స్టాండు కింద కలుసుకుంటున్నాయి.

ఇంకొక్క ముడి ఉంది. లెడర్లీలో సుబ్బారావుగారితో కలిసి పనిచేసిన బెంజమిన్ డగ్గర్ వృక్షశాస్త్రజ్ఞుడు. నడివయసులో సెయింట్ లూయిస్‌లోని మిస్సోరీ బొటానికల్ గార్డెన్‌లో పరిశోధన నడిపించినవాడు. విశ్వవిద్యాలయం నుంచి విశ్రాంతి తీసుకున్నాక, డెబ్బై దాటిన వయసులో లెడర్లీకి వచ్చి, ఎక్కడెక్కడి నుంచో మట్టి నమూనాలు తెప్పించుకుని పరీక్షించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని శాన్‌బార్న్ పొలం, 23వ మడి నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ల వంశానికి అదే మూలపురుషుడు. సుబ్బారావుగారు పోయింది కూడా ఆ ఏడాది ఆగస్టులోనే.

23వ మడి అన్నాను, గమనించండి. ఆ మట్టి ఏ పొలంలోది, ఏ మడిలోది అని ఎవరో ఒక చీటీ రాసి పెట్టారు కనుకనే ఈరోజు చెప్పగలుగుతున్నాం. నా ఉపన్యాసమంతా ఆ చీటీ గురించే.

గోడ ఎవరికి, గేటు ఎవరికి

బొటానికల్ గార్డెన్ అంటే మనవాళ్ళకు ఆదివారం పిల్లలతో వెళ్ళే పార్కు. నిజానికి ఆ తోటలు పుట్టింది వైద్యవిద్య కడుపున. ఇటలీలోని పాదువాలో 1545లో తోట వేసింది వైద్య విద్యార్థుల కోసం. అప్పట్లో మందంటే మొక్కే. పాత గ్రంథాల్లో ఉన్న పేరు ఏ మొక్కదో వైద్యుడికే రూఢిగా తెలియదు. అంగట్లో ఒకదాని పేరు చెప్పి మరొకటి అంటగట్టేవారు. తప్పు మొక్క ఇస్తే రోగి ప్రాణం పోయేది. ఔషధ మొక్కల పాఠం చెప్పే ఫ్రాన్సెస్కో బొనాఫెదే అనే ఆచార్యుడు, చదువుకునే పిల్లలు పుస్తకంలో పేరు కాదు, మట్టిలో మొక్కను చూడాలని పట్టుబట్టాడు. ఆ తోట నేటికీ అదే చోట ఉంది. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అరుదైన మొక్కలను రాత్రిపూట దొంగలు పెకిలించుకుపోతుంటే ఆ తోట చుట్టూ గుండ్రంగా గోడ కట్టారు. ఈ గోడ సంగతి గుర్తుపెట్టుకోండి. అది దొంగను ఆపడానికి కట్టినది. చదువుకోవడానికి వచ్చినవాడికి గేటు ఉంది. గోడ కట్టడం తప్పు కాదు. ఎవరిని ఆపుతున్నామన్నదే అసలు ప్రశ్న.

దాదాపు అదే కాలంలో పీసాలో లూకా గీనీ అనే ఆచార్యుడు మొక్కను నొక్కి ఆరబెట్టి కాగితానికి అతికించే పద్ధతి నేర్పాడు. అదే హెర్బేరియం. బీయస్సీ పిల్లలు విసుక్కుంటూ చేసే ఆ షీట్ల మీద వైద్యశాస్త్రం ఎంత నిలబడి ఉందో చెప్పడానికి ఒక్క ఉదంతం చాలు. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లో ఒళ్ళు తగ్గించుకోవడానికి చైనా మూలికలున్న మాత్రలు మింగిన ఆడవాళ్ళకు మూత్రపిండాలు చెడిపోయాయి. ఆ సంఖ్య వంద దాటింది. కొందరికి ఆ తరువాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. మాత్రలో ఉండాల్సింది స్టెఫానియా అనే తీగ వేరు. వచ్చి చేరింది అరిస్టలోకియా, మన ఈశ్వరి తీగకు దగ్గరి బంధువు. చైనా భాషలో రెండింటి పేర్లకూ చివర ఒకే మాట ఉండటంతో ఒకటి మరొకటై వచ్చింది. ఆ వేరు తవ్విన మొక్కను ఎవరైనా హెర్బేరియం షీటుతో పోల్చి చూసి ఉంటే ఆ ఆడవాళ్ళు ఆరోగ్యంగా ఇంట్లో ఉండేవారు. అందుకే మందు మొక్క మీద పరిశోధన చేసినవారు ఆ మొక్క నమూనాను ఒక హెర్బేరియంలో భద్రపరచి, దాని సంఖ్యను వ్యాసంలో ఇవ్వాలి. దాన్ని వోచర్ అంటాం. వోచర్ లేని పరిశోధన చిరునామా లేని ఉత్తరం.

షీటుకు కుడివైపు కింద మూలన ఒక చీటీ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన ఊరు, తేదీ, సేకరించినవారి పేరు, ఆ ఊళ్ళో దాన్నేమంటారో ఆ పేరు. అయిదు వరుసలు. లోకంలో సుమారు 3,500 హెర్బేరియాలున్నాయి. వాటిలో దాదాపు 40 కోట్ల షీట్లున్నాయి. హౌరాలోని మన కేంద్ర జాతీయ హెర్బేరియంలో 20 లక్షల వరకు ఉన్నాయి. ప్రతి చీటీ చెప్పేది ఒకటే: నేను చూశాను, ఇక్కడ పెట్టాను, మీరూ వచ్చి చూసుకోండి.

గ్రంథాలయంలో లేని పేరు పేరే కాదు

వృక్షశాస్త్రంలో ఒక నియమం ఉంది. మిగతా శాస్త్రాలవాళ్ళకు చెబితే ఆశ్చర్యపోతారు. కొత్త మొక్కకు పేరు పెట్టానని ఎవరైనా అన్నంతమాత్రాన చెల్లదు. ఆ పేరు అచ్చులో రావాలి. ఆ ప్రతులు ప్రజలకు, కనీసం చదువరులకు ప్రవేశమున్న గ్రంథాలయాలు కలిగిన శాస్త్ర సంస్థలకు చేరాలి. అప్పుడే అది పేరు. 2012 జనవరి 1 నుంచి కంప్యూటర్లో వెలువడే పీడీఎఫ్‌నూ కొన్ని షరతులతో ఒప్పుకున్నారు. నియమం సారం మాత్రం మారలేదు. నలుగురికీ అందని పేరుకు మా శాస్త్రంలో ఉనికి లేదు.

తోటలు విత్తనాల విషయంలోనూ ఇలాగే నడుచుకున్నాయి. ఏడాదికోసారి ప్రతి తోటా తన దగ్గరున్న విత్తనాల జాబితా అచ్చువేసి మిగతా తోటలకు పంపేది. కావలసినవి అడిగితే ఊరికే పంపేవారు. ఇప్పుడు ప్రపంచంలోని మొక్కజాతుల్లో దాదాపు 30 శాతం ఏదో ఒక బొటానికల్ గార్డెన్‌లో బతుకుతున్నాయని 2017లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు లెక్కతేల్చారు. ఇచ్చిపుచ్చుకోవడం లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

మరి అదే మొక్కలోంచి వచ్చిన మందు గురించి, అదే జబ్బు గురించి రాసిన వైద్య పరిశోధనకు ఈ నియమం ఎందుకు లేదు?

లైబీరియా కథ చెబుతాను. 2014లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా విరుచుకుపడి 11 వేలమందికి పైగా చనిపోయారు. ఆ ప్రాంతానికి ఎబోలా కొత్తదని ఆరోగ్య అధికారులు అప్పటిదాకా అనుకునేవారు. 2015లో ఆ దేశపు ప్రధాన వైద్యాధికారి బెర్నిస్ డాన్, మరో ఇద్దరితో కలిసి న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. అందులో చెప్పిన సంగతి ఇది: 1982లోనే ఐరోపా శాస్త్రవేత్తలు లైబీరియన్ల రక్తం పరీక్షించి, లైబీరియానూ ఎబోలా ఉండే ప్రాంతాల్లో చేర్చాలని రాసిపెట్టారు. ఆ సంగతి లైబీరియా ఆరోగ్యశాఖకు తెలియలేదు. రక్తం లైబీరియన్లది, రచయితల్లో లైబీరియన్ ఒక్కరూ లేరు. అలాంటి వ్యాసం ఒక్కటి దించుకోవాలంటే 45 డాలర్లు, అక్కడి డాక్టరుకు సగం వారం జీతం. చీటీ రాశారు. చీటీని ఎవరు చదవాలో వాళ్ళకు అందని బీరువాలో పెట్టారు.

సామర్లకోట నుంచి

మన ఊళ్ళ సంగతికొస్తాను. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1781 ప్రాంతం నుంచి 1793 దాకా సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క పెంచాడు. గోదావరి ప్రాంతపు కొండల్లో, తీరంలో మొక్కలు సేకరించాడు. మన చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళాడు. 1787లో మొదలైన ఆ తోటే నేటి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ బొటానిక్ గార్డెన్. సామర్లకోటలో మొదలైన ఆ బొమ్మల నుంచి ఏర్చికూర్చి లండన్‌లో 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలు వేశారు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 300 చిత్రాల పుస్తకమది.

ఆ పుస్తకంలో మొక్కల తెలుగు పేర్లున్నాయి. మన కొండవాళ్ళ నోటి నుంచి, మన వైద్యుల నోటి నుంచి విని రాసుకున్న పేర్లు. వాటిలో ఒక పేరు నాకు ప్రాణం: సోమిద. ఎర్రని చేవ, చేదు బెరడు. ఆ బెరడు జ్వరానికి వాడతారని విని, దక్షిణ అమెరికా సింకోనా బెరడుకు బదులు పనికొస్తుందేమోనని రాక్స్‌బర్గ్ దాని మీద ప్రత్యేకంగా రాశాడు. జాతి పేరుకు ఫెబ్రిఫ్యూగా అన్నాడు, జ్వరాన్ని తరిమేది అని అర్థం. తరువాతి శాస్త్రజ్ఞులు దాన్ని వేరే ప్రజాతిగా విడదీసినప్పుడు తెలుగు పేరునే శాస్త్రనామం చేశారు. సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. లోకంలో ఏ హెర్బేరియానికి వెళ్ళినా ఆ చెట్టు షీటు మీద మన సోమిద ఉంటుంది.

ఒక శతాబ్దం తరువాత అదే జ్వరం వెంట పడి, 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూశాడు. ఆ సంగతి డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది.

రాక్స్‌బర్గ్ సంపుటాలు ఒకప్పుడు రాజాస్థానాలకూ పెద్ద గ్రంథాలయాలకూ తప్ప దొరికేవి కావు. ఇవాళ బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో సామర్లకోట పిల్లవాడు ఫోన్‌లో వాటి పేజీలు తిప్పవచ్చు. 2006లో ఆ డిజిటల్ గ్రంథాలయాన్ని మొదలుపెట్టినవాళ్ళలో బొటానికల్ గార్డెన్ల గ్రంథాలయాలూ ఉన్నాయి: మిస్సోరీ, న్యూయార్క్, క్యూ. డగ్గర్ పనిచేసిన ఆ మిస్సోరీ తోటే ట్రాపికోస్ పేరుతో మొక్కల పేర్లు, నమూనాల వివరాలు అందరికీ ఉచితంగా ఇస్తోంది. రాస్ వ్యాసం అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉంది. సర్పగంధతో రక్తపోటు తగ్గుతుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రాసి ప్రపంచ వైద్యులను కదిలించిన వ్యాసమూ అక్కడే ఉంది. పాత చీటీలు ఒక్కొక్కటే వెలుగులోకి వస్తున్నాయి.

పోస్టుకార్డుల కాలం

నేను పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో మా కళాశాలకు విదేశీ పత్రికలు వచ్చేవి కావు. విషయసూచికలు మాత్రం చూడగలిగేవాళ్ళం. కావలసిన వ్యాసం కనపడితే రచయితకు పోస్టుకార్డు రాసేవాళ్ళం: అయ్యా, మీ వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపగలరు. కొందరు పంపేవారు. నెలల తరువాత విదేశీ స్టాంపులతో కవరు వస్తే పండుగలా ఉండేది. పంపనివాళ్ళ వ్యాసాల్లో ఏముందో నాకు ఈరోజుకీ తెలియదు. నా తరం పరిశోధకుల తెలివి ఎంత, పోస్టుకార్డులకు వచ్చిన జవాబులు ఎన్ని అన్నది విడదీసి చెప్పడం కష్టం.

ఇంటర్నెట్ వచ్చాక ఈ బెడద తీరుతుందనుకున్నాం. ప్రతి వేయడానికి ఖర్చే లేనప్పుడు దాచడమెందుకు? కానీ చందాలు ఏటా పెరిగాయి. పరిశోధనకు డబ్బు ప్రజలది, రాసేది శాస్త్రవేత్త, తప్పొప్పులు చూసేది తోటి శాస్త్రవేత్తలు. ముగ్గురూ పత్రికను అడిగే రుసుము సున్నా. చివరికి చదవడానికి మాత్రం వెల కట్టాలి. 2000లో పబ్‌మెడ్ సెంట్రల్ మొదలైంది. హెరాల్డ్ వార్మస్, పాట్రిక్ బ్రౌన్, మైకేల్ ఐసెన్ ఒక బహిరంగ లేఖ రాశారు: వ్యాసాలను ఆరునెలల్లో అందరికీ విడుదల చేయని పత్రికలకు మేం రాయం, చందా కట్టం అని. దాదాపు 34 వేలమంది శాస్త్రవేత్తలు సంతకాలు చేశారు. పత్రికలు పెద్దగా కదల్లేదు. సంతకాలు చేసినవాళ్ళలోనూ ఎక్కువమంది మాట మీద నిలబడలేకపోయారు. అప్పుడు ఆ ముగ్గురూ సొంతంగా పత్రిక పెట్టారు. 2003 అక్టోబరులో ప్లాస్ బయాలజీ, మరుసటి ఏడు ప్లాస్ మెడిసిన్ వచ్చాయి. 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన ఈ ఉద్యమానికి ఓపెన్ యాక్సెస్ అని పేరు పెట్టింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు డబ్బిచ్చిన పరిశోధన ఏడాదిలోగా పబ్‌మెడ్ సెంట్రల్‌లో అందరికీ తెరుచుకోవాలని 2008లో నియమం వచ్చింది. 2025 జులై నుంచి ఆ ఏడాది గడువూ పోయింది, అచ్చయిన రోజునే తెరవాలి.

సుబ్బారావుగారు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ఒక వ్యాసం రాశారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను రంగు చూసి కొలిచే పద్ధతి అది. శాస్త్రలోకంలో అత్యధికంగా ప్రస్తావించిన వ్యాసాల్లో ఒకటి. మా డిగ్రీ రోజుల్లో ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి అని రాసి మార్కులు తెచ్చుకున్నాం గానీ ఆ మూలవ్యాసం కంటితో చూసింది లేదు. ఆ పత్రిక 2021 జనవరి నుంచి పూర్తిగా ఓపెన్ యాక్సెస్ అయింది. ఆ వ్యాసాన్ని నేను మొదటిసారి చదివింది అరవై దాటాక, మా మనవరాలి ఫోన్‌లో. రచయితల పేర్ల దగ్గర కాసేపు ఆగిపోయాను.

మన దేశమూ ఊరికే కూర్చోలేదు. ఒకే దేశం ఒకే చందా పథకానికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు. మేం పోస్టుకార్డులు రాసిన దేశంలో ఇది చిన్న సంగతి కాదు. నేను సంతోషించాను. అయితే చందా కట్టి లోపలికి వెళ్ళడం వేరు, తలుపే తెరిచి ఉండటం వేరు. ఏజెన్సీ ఊళ్ళో సొంతంగా వైద్యం చేసుకునే డాక్టరు, మండల కేంద్రంలో మందుల షాపు ఫార్మసిస్టు, బిడ్డ జబ్బు గురించి రాత్రంతా వెతికే తల్లి ఈ పథకంలో లేరు. చందా గడువు అయిపోతే మళ్ళీ బేరం మొదటికొస్తుంది.

తలుపు తీస్తే దొంగలు రారా?

రారని నేననను. పసుపు గాయం మాన్పుతుందన్న సంగతికి 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఏ ఆయుధంతో? సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాల్లోని ఆధారాలతో, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయిన వ్యాసంతో. అచ్చయి, చూపించడానికి వీలుగా ఉన్నందునే అది సాక్ష్యం చెప్పింది. మా అమ్మమ్మకు తెలుసు అన్న మాట ఒక్కటే పేటెంటు ఆఫీసులో నెగ్గేది కాదు. రాసి తెరిచి పెట్టిందే మనకు కాపలా కాసింది.

కానీ ఇంకో దొంగతనముంది. పుస్తకంలోంచి తీసుకునేది కాదు, మనిషి నుంచి తీసుకునేది. కేరళలో అగస్త్యమల కొండల్లో 1987లో శాస్త్రవేత్తల బృందం అలసి నడవలేకపోతుంటే, వెంట వచ్చిన కాణి గిరిజనులు మాత్రం ఏవో కాయలు నములుతూ హుషారుగా నడిచారు. అడగ్గా అడగ్గా ఆరోగ్యపచ్చ అనే మొక్కను చూపించారు. తిరువనంతపురం దగ్గర పాలోడులోని ఉష్ణమండల బొటానిక్ గార్డెన్ దాని మీద పనిచేసి జీవని అనే మందు తయారుచేసింది. 1995లో ఒక ఆయుర్వేద సంస్థకు పది లక్షల రూపాయల రుసుముకు, అమ్మకాల మీద రెండు శాతం రాయల్టీకి తయారీ హక్కులిచ్చింది. వచ్చినదాంట్లో సగం కాణిల ట్రస్టుకు ఇవ్వాలని నిర్ణయించింది. ఆ ఏర్పాటులో తరువాత చాలా చిక్కులు వచ్చాయి. అయినా చెప్పినవాడికి వాటా ఉండాలని మన దేశంలో చట్టం చెప్పకముందే ఒక తోట చెప్పింది. 2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది.

మూడో ఇబ్బంది కూడా దాచను. చదివేవాడి దగ్గర తీసుకోని డబ్బు చాలా పత్రికలు రాసేవాడి దగ్గర తీసుకుంటున్నాయి. ఒక్కో వ్యాసానికి వేల డాలర్లు. పేద కళాశాల అధ్యాపకుడికి ఇదివరకు చదివే తలుపు మూసి ఉండేది, ఇప్పుడు రాసే తలుపు మూసుకుంటోంది. ఇంకోపక్క డబ్బు కడితే చాలు, తప్పొప్పులు చూడకుండా ఏదైనా వేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. వాటిలో వైద్యం పేరుతో వచ్చే అబద్ధం తప్పు చీటీ తగిలించిన మొక్కలాంటిది. బ్రస్సెల్స్‌లో ఏమైందో విన్నారు కదా. తోటకు గేటు ఎంత ముఖ్యమో తోటమాలి అంత ముఖ్యం. రాసేవారి దగ్గరా చదివేవారి దగ్గరా డబ్బు అడగకుండా విశ్వవిద్యాలయాలు, శాస్త్ర సంఘాలు నడిపే పత్రికలు మన దేశంలో ఇప్పటికే ఉన్నాయి. వాటికి ఎరువు వేయాలి. ఆరువేల కోట్లు చందాలకు ఇవ్వగలిగిన దేశం వాటికి పదోవంతు ఇచ్చినా అవి తోపులై నిలుస్తాయి.

బాకీ

చివరగా నా సొంత బాకీ ఒకటి మీముందు చెప్పుకోవాలి.

ముప్పై అయిదేళ్ళ కిందట మారేడుమిల్లి అడవుల్లో మొక్కలు సేకరిస్తున్నాను. ఒక కొండరెడ్డి పెద్దాయన నాతో మూడు రోజులు తిరిగాడు. ఒకచోట ఆగి చెట్టు బెరడు గీరి చూపించాడు. "ఇది సోమి. జ్వరానికి కాచి తాగుతాం" అన్నాడు. రాక్స్‌బర్గ్ రాసిన సోమిదే అది. ఎంత కాచాలో, ఎంత తాగాలో, ఎవరు తాగకూడదో చెప్పాడు. అన్నీ రాసుకున్నాను. బయలుదేరేటప్పుడు ఆయన అడిగాడు: "ఇందాకటి నుంచి రాస్తానే ఉన్నావు కదా బాబూ, అదంతా మాకూ ఒకసారి చదివి పెడతావా?" "అచ్చయ్యాక తెచ్చి చదువుతాను తాతా" అన్నాను.

అచ్చయింది, విదేశీ పత్రికలో, ఇంగ్లీషులో. నాకు పాతిక ప్రతులు పంపారు. నేను వాటిని పదోన్నతి ఫైలులోనూ, పోస్టుకార్డు రాసినవాళ్ళకూ వాడేశాను. ఆ వ్యాసంలో పెద్దాయన పేరు లేదు. స్థానికులు జ్వరానికి వాడతారు అని ఒక వాక్యముంది.

ఉద్యోగ విరమణ తరువాత ఆ ఊరు వెళ్ళాను. పెద్దాయన లేడు. ఆయన మనవడు దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాడు. మీ తాత చెప్పింది ఇందులో ఉంది నాయనా అని వ్యాసం పేరు చెప్పాను. ఆ అబ్బాయి ఫోన్‌లో వెతికి పట్టుకున్నాడు. తెర మీద మొదటి పేరా వచ్చింది, దాని కింద వెల వచ్చింది. ఆ ఊళ్ళో పది రోజుల కూలి. అతను ఏమీ అనలేదు. ఫోను జేబులో పెట్టుకుని నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ రాత్రి నా పాత నోటుపుస్తకం తీసి, ఆ వ్యాసాన్నంతా తెలుగులో తిరగరాశాను. నెల తరువాత వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చుని చదివాను. తాత చెప్పిన కొలత ఒకచోట నేను తప్పు రాసుకున్నానని ఆ అబ్బాయి తల్లి సరిదిద్దింది. అచ్చయిన వ్యాసంలో ఆ తప్పు ముప్పై ఏళ్ళుగా ఉంది. లోకంలో ఎందరు నిపుణులు దాన్ని చదివారో గానీ, తప్పు పట్టుకోగలిగిన ఒక్క మనిషికి అది అందలేదు. పరిశోధనను అందరికీ తెరవడం దానధర్మమనుకునేవాణ్ణి. ఆ రోజు తెలిసింది, అది శాస్త్రానికే అవసరమని.

విద్యార్థులారా, మీలో కొందరు డాక్టర్లవుతారు, కొందరు మొక్కలవాళ్ళవుతారు. మీరు రాసే వ్యాసం అచ్చుకు ముందటి ప్రతినైనా మీ సంస్థ డిజిటల్ భాండాగారంలో పెట్టండి. చాలా పత్రికలు అందుకు ఒప్పుకుంటాయి, మనవాళ్ళే అడగరు. మీ పరిశోధనకు వోచర్ పెట్టండి. దాని సారం రెండు పేజీలు తెలుగులో రాసి, మీకు చెప్పినవారికి చదివి వినిపించండి. వారి అనుమతి అడగండి.

హెర్బేరియం చీటీ మీద అయిదు వరుసలుంటాయన్నాను. సేకరించినవారు అన్న వరుసలో ఇన్నాళ్ళూ నా పేరు రాసుకున్నాను. ఇప్పుడు మా హెర్బేరియంలో నా చేతనైనన్ని షీట్లకు ఆరో వరుస చేరుస్తున్నాను. చెప్పినవారు: అని రాసి, కుటుంబం ఒప్పుకుంటే వారి పేరు. మొన్న సోమిద షీటుకు రాశాను. చేయి వణికింది గానీ అక్షరాలు చదవడానికి వీలుగానే ఉన్నాయి.